పొదిలి పెద్దమ్మ, పండరి ఇటుక

సంక్రాంతి ముందు హైదరాబాదు నుంచి కనిగిరి పోయే బస్సులో సీటు దొరకడం గగనం. పండగ వెళ్ళి రథం ముగ్గు చెరిగిపోయాక అదే బస్సు సగం ఖాళీగా పోతుంది. పొదిలిలో మా పెద్దమ్మను చూడ్డానికి నేనెక్కింది ఆ ఖాళీ బస్సు.

నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలి అద్దంకి దారి పడితే మిర్యాలగూడ దాకా వరి. వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు. దాచేపల్లి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటాక నల్లరేగడి మొదలవుతుంది. జనవరి నెలాఖరుకి పత్తి ఆఖరి తీతలో ఉంది. ఎండిన చెట్ల మీద అక్కడక్కడ ముడుచుకుపోయిన దూది. మిరపే జోరు మీదుంది. రోడ్డు పక్క కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు, వాటికి పట్టాల గుడారం కింద కాపలా. కిటికీ తీస్తే చాలు, కళ్ళ వెంట నీళ్ళు. పక్క సీటాయన రెండు తుమ్ములు తుమ్మి, "రేటు లేదు గానీ ఘాటుకేం తక్కువ లేదు" అన్నాడు. గుంటూరు యార్డుకు సరుకు తోలి వస్తున్న మనిషి. అంతకంటే ఎక్కువ మాట్లాడే ఓపిక ఆయనకు లేదు.

అద్దంకి వస్తే పండరంగడు గుర్తొస్తాడు. గుణగ విజయాదిత్యుడి సేనాని. క్రీ.శ. 848 నాటి ఆయన శాసనంలో తెలుగు పద్యం రాతికెక్కింది. పండరిలో ఇటుక మీద నిలబడ్డ పాండురంగడికీ ఈ సేనానికీ పేరు పోలికే తప్ప చుట్టరికం లేదు. అయినా మనసు ఆగదు కదా. మా పెద్దమ్మ చెప్పే సినిమా కథ ఒకటి జ్ఞాపకం వచ్చింది. దాని సంగతి ఆవిడ నోటే వస్తుంది, ఆగండి.

అద్దంకి దగ్గర గుండ్లకమ్మ దాటుతాం. ఈ ఏటి వెంబడే కిందికి పోతే ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి. 1878 జులై 3న అక్కడి ఏటి నీళ్ళలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు రెండేళ్ళూ ధాత కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని, ఒంగోలు బాప్టిస్టు మిషన్ క్లౌ దొర వేల మందికి కూలి పని పెట్టించాడు. ఆ కూలికి కాలినడకన పోయిన కుటుంబాల్లో మాదీ ఒకటని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా పెద్దమ్మకు ముత్తవ్వ వరసయ్యే ఒకామె కళ్ళు కనపడని అత్తను వీపున కట్టుకుని నడిచిందట. కాలువ గట్టు చేరాక తనకు అన్నం అడక్కుండా అత్తకు గంజి అడిగిందట. పుస్తకాలకెక్కని ఈ సంగతి నాలుగు నోళ్ళు మారి నా దాకా వచ్చింది. మిషన్ చరిత్రల్లో 2,222 అనే అంకె ఉంది గానీ, వీపున ఉన్న ముసలమ్మ లెక్కలో లేదు. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. ఊరి దేవతకే మొక్కుతూ పోయింది. కోడలు మాత్రం కడదాకా మోసింది.

దర్శి దాటితే నేల మారిపోతుంది. సాగర్ కాలువ చలవ తగ్గి, ఎర్ర చెలక, తుమ్మ చెట్లు, కందిచేలు, పొగాకు. పొగాకు బ్యారన్లు దూరానికి కిటికీల్లేని ఇళ్ళలా నిలబడి ఉంటాయి. ఈ సీజన్లో ఆకు కాలుస్తారు కాబట్టి సాయంత్రమైతే ఊళ్ళ మీద ఒక తీపి వాసన కమ్ముకుంటుంది. పొదిలిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. వేలం మొదలయ్యాక ఊళ్ళో మాటంతా గ్రేడు, రేటు, తిరస్కరించిన బేళ్ళు.

పొదిలి నిన్నమొన్నటి దాకా మూడు నాలుగు రాజ్యాలకు సరిహద్దులో ఉన్నట్టు ఉండేది. 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా. ఆ ఏడు ఫిబ్రవరిలో గుంటూరు నుంచి కొంత, నెల్లూరు నుంచి కొంత, కర్నూలు నుంచి కొంత కోసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. "నేను ఇల్లు కదల్లేదు, జిల్లాలే నా మీదుగా నడిచిపోయినై" అంటాడు మా పెదనాన్న.

బస్టాండులో దిగి ఆటో ఎక్కాను. నిర్మమహేశ్వరస్వామి గుడి ఎటు, పెద్దచెరువు ఎటు అని ఆటో ఆయన్ని అడగబోతుంటే, ఆయనే "మీరు ఫలానా వాళ్ళ ఇంటికి గదా, నేను ఎదురింటోణ్ణే" అన్నాడు. ఫోన్లో మా పెద్దమ్మ ఆయనకు ముందే పురమాయించిందన్నమాట.

పెద్దమ్మకు ఎనభై దాటాయి. వసారాలో నవ్వారు మంచం మీద కూర్చుని ఉంది. నేను ఎదురుగా నిలబడి "పెద్దమ్మా" అంటే నా చెప్పులకేసి చూస్తూ "వచ్చావా నాయనా" అంది. మెడ లేవదు. వెన్ను ముందుకు వంగి గట్టిపడిపోయి చాలా ఏళ్ళయింది. ముఖం చూడాలంటే ఎదుటివాళ్ళే కిందికి రావాలి. ఆ ఇంట్లో మంచానికి ఎదురుగా ఒక చిన్న పీట ఎప్పుడూ వేసి ఉంటుంది. దాని మీద కూర్చుంటే ఆవిడ కళ్ళు నా కళ్ళకు సరిగ్గా ఎదురయ్యాయి. "అబ్బాయ్, చిక్కావు" అంది అప్పుడు.

ఇది ఆవిడ ఒక్కదాని జబ్బు కాదు, నేల జబ్బు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వంగిన వెన్నులనూ గారపట్టిన పళ్ళనూ పరీక్షించి, తాగే నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని రాశారు. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ మన దేశంలో వైద్యుల లెక్కకెక్కింది అప్పుడే. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే మంచిది కాదంటారు. ఇక్కడి పాత బోర్లు, బావులు ఆ గీత ఎప్పుడో దాటాయి. ఇప్పుడు వీధి వీధికీ ఫిల్టరు ప్లాంటు, ఇంటింటికీ ఇరవై లీటర్ల క్యాను. పెద్దమ్మ పెరిగిన రోజుల్లో బావి నీళ్ళే. నీళ్ళు తెలిసేసరికి ఒళ్ళు వంగిపోయింది.

అందుకే పిల్లలు ఊరొదిలి పోయారని నిందించే వాళ్ళంటే నాకు చిరాకు. ఆదివారం ప్రసంగంలో "అంత్యదినాలు వచ్చాయి, తల్లిదండ్రులకు అవిధేయులు పెరిగారు" అనడం తేలిక. వాన ఒక ఏడు పడి రెండేళ్ళు పడని చోట, పొగాకు రేటు పై ఊళ్ళ కంపెనీల దయ మీద నడిచే చోట, నీళ్ళు తాగితే వెన్ను వంగే చోట పిల్లల్ని ఉండమని ఏ తల్లి అంటుంది? పెద్దమ్మే బలవంతాన పంపింది. పెద్దకొడుకు డాలస్‌లో, చిన్నవాడు బెంగుళూరులో. ఎదురు వీధిలో సగం ఇళ్ళు హైదరాబాదులోనో చెన్నైలోనో భవనాలు కట్టే పనిలో ఉన్నాయి. పోవడం తప్పు కాదు. పోయినవాళ్ళు మనిషి బదులు ఏం పంపుతున్నారన్నదే నన్ను తొలిచే ప్రశ్న.

మర్నాడు నెల మొదటి తేదీ. తెల్లవారకముందే సచివాలయం అమ్మాయి పింఛను పట్టుకుని వచ్చింది. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, గుమ్మంలోకే తెచ్చి ఇస్తారు. ఫోనుకు తగిలించిన చిన్న యంత్రం మీద వేలు పెట్టాలి. పెద్దమ్మ బొటనవేలు గీతలు పొగాకు ఆకు గుచ్చీ గుచ్చీ అరిగిపోయాయి. ఒకసారి పెట్టింది, పడలేదు. చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది, పడలేదు.

"గట్టిగా నొక్కు అవ్వా."

"నొక్కుతున్నా గదమ్మా. మీ పాప బడికి పోతందా? జొరం తగ్గిందా?"

"తగ్గిందిలే. ఇంకో వేలు పెట్టు."

"పెడతా, పెడతా. రోంత కాఫీ తాగు."

నేను పీట మీద నుంచి చూస్తున్నాను కాబట్టి నాకు కనపడింది. వేలు యంత్రం మీద సగమే ఆనిస్తోంది. మాట అయ్యేదాకా వేలు సరిగా పెట్టడం ఆవిడకు ఇష్టం లేదు. ఆ అమ్మాయికీ తెలుసేమో, నవ్వుకుంటోంది గానీ కాఫీకి ఆగలేదు. ఇంకా చాలా ఇళ్ళున్నాయి. చివరికి చూపుడు వేలు పడింది. డబ్బు లెక్కపెట్టకుండానే దిండు కిందికి పోయింది.

ఆ మధ్యాహ్నం ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళమంది. పొదిలిలో బాప్టిస్టు మిషన్ 1890లలో అడుగుపెట్టింది. చుట్టుపక్కల పల్లెల్లోనూ బడులూ మందిరాలూ వెలిశాయి. పెద్దమ్మ తండ్రి అలాంటి పల్లె మందిరం ఒకదానికి ఉపదేశి. మేం వెళ్ళిందీ ఒక చిన్న మందిరమే. దానికి ఈమధ్య కొత్త ముఖమండపం కట్టారు. డాలస్ అన్న డబ్బు పంపాడు. గుమ్మం పైన నల్లరాతి పలక. ఇక్కడికి దగ్గర్లోని చీమకుర్తి గెలాక్సీ రాయి, చుక్కలు మెరుస్తూ ప్రపంచమంతా ఎగుమతయ్యే రకం. దాని మీద బంగారు రంగు అక్షరాల్లో పెద్దమ్మ పేరు, పెదనాన్న పేరు.

ఆటో ఆయనా నేనూ చెరో చెయ్యీ పట్టి నిలబెట్టాం. మెడ లేవదు కదా. నేల మీద కొత్త టైల్స్ చూస్తూ, "పైన ఏం రాశార్రా?" అంది.

చదివాను.

"కుర్చీ మీద పడుకోబెడితే కనపడుద్దేమో" అని ఆటో ఆయన అన్నాడు. పెద్దమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వులో దగ్గు వచ్చి, దగ్గు తగ్గేసరికి ఇంటికి పోదామంది.

సాయంత్రం దీపం వేళ కుటుంబ ప్రార్థన. పెద్దమ్మకు చూపు మందగించింది, పెదనాన్నకు కుడి చెవి పూర్తిగా పోయింది. నన్ను ఎడమ పక్కన కూర్చోబెట్టుకుని మార్కు సువార్త ఏడో అధ్యాయం చదవమన్నారు. ఆ భాగం తెలియని పాఠకుల కోసం సంగతి చెబుతాను. తల్లిదండ్రులకు పెట్టాల్సిన సొమ్మును "కొర్బాను", అంటే దేవుడికి అర్పితం, అనేసి చేతులు దులుపుకునే పద్ధతి ఆనాటి యూదుల్లో ఉండేది. ఒకసారి కొర్బాను అంటే ఇక అమ్మానాన్నలకు ఏమీ చెయ్యక్కర్లేదు. పెద్దలే దానికి ఒప్పుకునేవారు. యేసు దాన్ని పట్టుకుని పరిసయ్యుల్ని కడిగేశాడు. దేవుడి ఆజ్ఞను దేవుడి పేరుతోనే కొట్టేస్తున్నారన్నాడు.

చదవడం అయ్యాక పెద్దమ్మ, "ఆ బండ గూడా కొర్బానేరా" అంది.

పెదనాన్నకు ఈ మాట మాత్రం వినపడింది. "ఊరుకోవే. పిల్లోడు ప్రేమతో ఏయించాడు."

"ప్రేమ లేదని నేనన్నానా? ప్రేమను అంత ఎత్తున పెడితే నాకెట్టా అందుద్ది?"

నాకు ఆవిడ మాటే సబబనిపించింది. ఇవ్వడంలో దోషం లేదు. మందిరానికి నీడ వచ్చింది, వానాకాలం జనం తడవరు. కానీ ఇచ్చి ఊరుకోవడం అన్ని మతాల్లోనూ పెరిగిన రోగం. గుడికి గ్రానైటు మెట్లు, మసీదుకు మినార్లు, అన్నదానానికి శాశ్వత నిధి, అన్నీ అమ్మానాన్నల పేరనే. పోయాక మహాలయ పక్షంలో పిండం, నవంబరు 2న సమాధి మీద కొవ్వొత్తి. బతికుండగా పక్కన కూర్చోవడానికి మాత్రం ఏ పంచాంగంలోనూ తిథి లేదు. పౌలు తిమోతికి రాసిన మొదటి ఉత్తరంలో పిల్లలు, మనవళ్ళు భక్తిని ముందు సొంత ఇంట్లో నేర్చుకోవాలన్నాడు. ఇంటివాళ్ళను చూసుకోనివాడు విశ్వాసం లేనివాడికంటే అధ్వాన్నమని కూడా అన్నాడు. ఈ రెండో మాట ప్రసంగాల్లో నేను విన్నది బహు తక్కువ. భవన నిధి కవర్లు పంచే ఆదివారం అసలే వినలేదు.

ఇంతకీ ఆ సినిమా. 1957లో వచ్చిన "పాండురంగ మహాత్మ్యం". ఏడాది ఆలస్యంగా పొదిలి టూరింగ్ టాకీసుకు వచ్చిందట. పెద్దమ్మకు అప్పుడు పద్నాలుగో పదిహేనో. ఉపదేశి కూతురు సినిమాకు పోవడమే తప్పు, అందులోనూ హిందూ దేవుడి సినిమా. పక్కింటి కోమట్ల పిల్లతో కలిసి తడికె పక్కగా దూరి నేల టిక్కెట్లో చూసింది. ఎన్టీ రామారావు పుండరీకుడు, నాగయ్య తండ్రి, ఋష్యేంద్రమణి తల్లి. తెనాలి రామకృష్ణుడు ప్రబంధంగా రాసిన క్షేత్రం కథే అది, సినిమా వాళ్ళు తమ తీరున తీర్చుకున్నారు. ముందు తల్లిదండ్రుల్ని తోసేసిన కొడుకు, తర్వాత వాళ్ళ కాళ్ళు వదలడు. దేవుడే గుమ్మంలోకి వస్తే సేవలో ఉన్నాను కాసేపు ఆగమని, నిలబడ్డానికి ఇటుక విసురుతాడు. దేవుడు ఆగాడు. ఇప్పటికీ ఆగే ఉన్నాడని పండరి భక్తుల నమ్మకం.

"మా నాయనకు తెలిసింది" అంది పెద్దమ్మ. "కొడతాడనుకున్నా. కథ చెప్పమన్నాడు. చెప్పా. శానాసేపు గమ్మునుండి, ఆ ఇటుక కథా మార్కు ఏడో అధ్యాయమూ ఒకటేనే అన్నాడు. ఇంకెప్పుడూ పోమాకని గూడా అన్నాడనుకో."

బీదగా బతికిన ఒక పల్లె ఉపదేశి అరవై ఏళ్ళ పైచిలుకు కిందట గ్రహించిన పోలిక ఇది. యూదయలో దేవుడి పేరు చెప్పి తల్లిదండ్రుల్ని ఆపారు. పండరిలో తల్లిదండ్రుల పేరు చెప్పి దేవుణ్ణి ఆపారు. ఏది భక్తో రెండు కథలూ ఒకే తీర్పు ఇచ్చాయి. తైత్తిరీయ ఉపనిషత్తు తల్లినీ తండ్రినీ దేవుళ్ళుగా చూడమంది కాబట్టి పుండరీకుడి పని శాస్త్రసమ్మతమేనని పండితులు చెప్పొచ్చు. నాకైతే ఉపదేశి తాతయ్య వ్యాఖ్యానమే చాలు.

ఎదురింటి ఆటో ఆయన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్ళమ్మ మంచం పట్టి మూడేళ్ళు. తెల్లవారుజామున నమాజు అయ్యాక ఆటో తియ్యకముందు ఆమె పక్కన కూర్చుంటాడు. పనేం చెయ్యడు. చేసేదంతా భార్య చేస్తుంది, ఆ మాటా ఆయనే ఒప్పుకుంటాడు. ఊరికే కూర్చుంటాడు. అమ్మ చెప్పిందే చెబుతుంది, పాత పొదిలి సంతలో ఎద్దు తప్పిపోయిన కథ. ఖురాన్‌లో బనీ ఇస్రాయీల్ అధ్యాయం ముసలి తల్లిదండ్రుల ముందు విసుగుతో "ఉఫ్" అని కూడా అనొద్దంటుంది. "ఎద్దు కథ వందసార్లు ఇనుంటా సార్. అన్నం పెట్టేది కష్టం గాదు, ఆ ఉఫ్ అనకుండా ఉండేదే కష్టం" అన్నాడు. ముసలివాళ్ళ సేవ గురించి నేను చదివిన వ్యాసాలేవీ ఈ ముక్క ఇంత సూటిగా చెప్పలేదు.

చట్టం కూడా ఒకటుంది. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. పిల్లలు చూడకపోతే రెవెన్యూ డివిజన్‌లోని ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు పదివేల దాకా ఇప్పించే వీలుంది. చూస్తామని రాయించుకున్న ఆస్తిని, చూడకపోతే వెనక్కి తీసుకునే వీలూ ఉంది. కొందరికి అది పెద్ద దిక్కే, తీసిపారెయ్యడానికి లేదు. పెదనాన్న పొలం పనుల మీద ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఉన్న మనిషి. "ఆర్డీవో డబ్బులిప్పిస్తాడు సరే, వచ్చి కూచోమని ఆర్డరు రాస్తాడంట్రా?" అని నవ్వాడు.

ప్రార్థన చివర పెద్దమ్మ పేర్లు చదువుతుంది. కొడుకులు, కోడళ్ళు, మనవలు, వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ కష్టాలు. డాలస్ మనవడి పరీక్ష. బెంగుళూరు కోడలి నడుము నొప్పి. అక్కచెల్లెళ్ళ బిడ్డల వరసలో నా పేరూ, నా భార్య పేరూ, ఎప్పుడో ఫోన్లో చెప్పి నేనే మరిచిపోయిన నా షుగరూ. ఎవరూ వినకపోయినా ఈ జాబితా రోజూ నడుస్తుందని పెదనాన్న చెప్పాడు. జాబితా పెద్దది. ఆయన మధ్యలో కునుకు తీసి ఆమెన్‌కి లేస్తాడు.

తిరుగు బస్సు మధ్యాహ్నం ఎక్కాను. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి 309 కిలోమీటర్ల కొత్త రైలు మార్గం పొదిలి మీదుగానే వేస్తున్నారు. అది పూర్తయ్యేదాకా బస్సే దిక్కు. ఒంగోలు దాకా రైల్లో వచ్చి చీమకుర్తి మీదుగా వచ్చినా సరే, అద్దంకి దారిన వచ్చినా సరే.

మీకూ ఇలాంటి ఊళ్ళో ఇలాంటి మనిషి ఉంటే, పండగ జనంలో కాకుండా ఏ పనీ లేని రోజు చూసి వెళ్ళండి. పొద్దున పూట వెళ్ళండి, మధ్యాహ్నానికి వాళ్ళకు మాట అలిసిపోతుంది. ఏ చెవి వినపడుతుందో ముందు కనుక్కోండి. మెడ లేవకపోతే మీరే పీట వేసుకుని కింద కూర్చోండి. చెప్పిన కథే మళ్ళీ చెబుతారు, చెప్పనివ్వండి. ఫోను మాత్రం సంచిలో పెట్టండి.